తాళంచెవి జేబులో, ఇంజను నడకలో

(రెడ్డిగూడెంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు డి.ఏ. గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్టు గురించి వివరంగా చెప్పారు. అవి మన కడుపుకు సంబంధించిన విషయాలు. ప్రతి మీటింగులోనూ ఒక సభ్యుడు తన ఉద్యోగంలో నేర్చుకున్నది ఒకటి నలుగురికీ చెప్పాలని కార్యవర్గం వారు పెట్టిన నియమం ప్రకారం ఈసారి వంతు నాకు వచ్చింది. నేను లెక్కలు రాసినవాణ్ణి కాను, పాఠాలు చెప్పినవాణ్ణి కాను. ముప్పై మూడేళ్ళు పోలీసు మోటారు విభాగంలో వైర్లతో, బ్యాటరీలతో గడిపిన ఎలక్ట్రీషియనును. కనుక నాకు తెలిసిన ఒక చిన్న సంగతే చెబుతాను. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా పోలీసు బండి ఇంజను నడుస్తూ ఉండాలంటే వైరింగు ఎలా ఉండాలి, ఆ పనిలో దేన్ని మరువకూడదు అన్నది నా విషయం. వినడానికి ఇది మెకానిక్కుల గొడవలా ఉంటుంది. కాని చివరికి మన తోటల్లోని ట్రాక్టర్ల దగ్గరికీ, మన పిల్లల ఇళ్ళలోని కార్ల దగ్గరికీ వస్తుంది. కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

అసలు ఆగి ఉన్న బండికి ఇంజను ఎందుకు నడవాలి? రోడ్డు పక్కన నిలిపిన పోలీసు బండి ఊరికే ఉండదు. పైన తిరిగే దీపం ఉంటుంది. పాత హాలోజన్ దీపం ఒక్కటే నాలుగైదు ఆంపియర్ల కరెంటు తాగేది. లోపల వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. అది వింటున్నంతసేపు కొద్దిగానే తీసుకుంటుంది గాని, మనం మాట్లాడేటప్పుడు అయిదారు ఆంపియర్లు లాగుతుంది. సెర్చిలైటు కూడా వేస్తే అన్నీ కలిపి పది, పన్నెండు ఆంపియర్లకు తక్కువ కాదు. బండిలో ఉండేది 75 ఆంపియర్ అవర్ బ్యాటరీ. కాగితం మీద లెక్క వేస్తే ఆరు గంటలు రావాలి. కాని రెండేళ్ళు వాడిన బ్యాటరీ రెండు గంటలకే నీరసపడేది. డీజిలు ఇంజను సెల్ఫు కొట్టాలంటే ఒక్కసారిగా రెండు, మూడు వందల ఆంపియర్లు కావాలి. తీరా అర్ధరాత్రి కబురు వచ్చేసరికి సెల్ఫు కటకటమని ఊరుకునేది. నలుగురు కానిస్టేబుళ్ళు లాఠీలు పక్కన పెట్టి జీపును తోస్తున్న దృశ్యం ఆ రోజుల్లో మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి నవ్వుకునీ ఉంటారు. మాకు మాత్రం అది నవ్వులాట కాదు. అందుకని డ్రైవర్లు ఇంజనును ఆపకుండా స్లోలో వదిలేవారు. గంటకు సుమారు ముప్పాతిక లీటరు నుండి లీటరు దాకా డీజిలు ఖర్చయినా, వేళకు బండి కదలకపోతే వచ్చే మాట కన్నా అదే నయమని వారి లెక్క.

ఇక్కడ తాళంచెవి సంగతి వస్తుంది. తాళంచెవి తిప్పితే ఇంజను ఆగుతుందని మనమందరం అనుకుంటాం. అది అన్ని ఇంజన్లకూ నిజం కాదు.

పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ పుట్టించే ఇగ్నిషను కాయిలుకు 12 ఓల్టుల కరెంటు తాళంచెవి స్విచ్చి గుండా వెళుతుంది. చెవి తిప్పి తీస్తే కాయిలుకు కరెంటు ఉండదు, రవ్వ ఉండదు, ఇంజను ఆగుతుంది. పెట్రోలు అంబాసిడరు, జిప్సీ ఈ కోవలోవి. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు. లోపలి గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. దాన్ని ఆపాలంటే డీజిలు రాకుండా చేయాలి. పాత డీజిలు జీపుల్లో అందుకు డాష్‌బోర్డు కింద ఒక స్టాపు నాబు ఉండేది. దాన్ని లాగితే పంపు మూసుకుని ఇంజను ఆగేది. తాళంచెవి పని సెల్ఫు కొట్టడం, హీటరు ప్లగ్గులు వేడెక్కించడం, దీపాలు వెలిగించడం, అంతవరకే. చెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజను తన మానాన తాను నడిచేది. దానికి ప్రత్యేకించి వైరింగు ఏమీ అక్కరలేదు.

ఇది మన ఊరివారికి కొత్త సంగతి కాదు. తోటలకు నీళ్ళు తోడిన ఆయిల్ ఇంజనుకు తాళంచెవి ఎక్కడిది? మన పాత ట్రాక్టరును తాళంచెవి తిప్పి ఆపినవారు ఎవరైనా ఉన్నారా? స్టాపు రాడ్డు లాగవలసిందే కదా.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. ఇంజను నడుస్తూ ఉండడం వేరు, బండిని నడిపే హక్కు వేరు. తాళంచెవి ఆ హక్కుకు గుర్తు. చెవి లేకుండానే ఇంజను నడుస్తుంటే, ఎక్కి కూర్చున్న ప్రతివాడికీ ఆ హక్కు వచ్చినట్టే.

ఒక జరిగిన విషయం చెబుతాను. జిల్లా పేరు, స్టేషను పేరు చెప్పను. 1980ల చివరలో ఒక తిరునాళ్ళ బందోబస్తు. ఆ స్టేషను జీపుకు బ్యాటరీ పోయిందని డ్రైవరు మూడుసార్లు కాగితం పెట్టాడు. కొత్త బ్యాటరీ రాలేదు. ఆ రాత్రి అతను జీపును గుడి దారి మొదట్లో స్లోలో వదిలి, చెవి జేబులో వేసుకుని, పిలుపు వస్తే సి.ఐ. గారి దగ్గరికి వెళ్ళాడు. తాగి ఉన్న ఒక కుర్రవాడు ఎక్కి కూర్చుని గేరు వేశాడు. జీపు ఇరవై గజాలు పోయి గాజుల దుకాణం మీదికి ఎక్కింది. దుకాణం పెట్టుకున్న ఆవిడ కాలు విరిగింది. ప్రాణం పోలేదు గాని, ఆ కాలు మళ్ళీ మునుపటిలా కాలేదు. ఆవిడ ఊరూరా తిరిగి గాజులు అమ్ముకుని బతికే మనిషి. తిరగడానికి కాలే లేకపోతే ఇక ఏం బతుకు? డ్రైవరు సస్పెండయ్యాడు. ఎంక్వయిరీలో "తాళంచెవి నా దగ్గరే ఉంది సార్" అని చెవి తీసి చూపించాడట. ఆ మాట విన్నప్పటి నుండి నాకు మనసులో నిలిచిపోయింది. అతను అబద్ధం చెప్పలేదు. కాని ఆ చెవి ఏ ఉపయోగానికీ రాలేదు.

చట్టం దీని గురించి ఏమంటుందో కూడా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 126వ సెక్షను ఉన్నది. బహిరంగ స్థలంలో బండిని నిలిపినప్పుడు లైసెన్సు ఉన్న మనిషి డ్రైవరు సీటులో ఉండాలి. లేదా ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి. అదీ కాకపోతే డ్రైవరు లేనప్పుడు బండి పొరపాటున కూడా కదలకుండా తగిన ఏర్పాటు చేసి ఉండాలి. దాని సారాంశం ఇదే. పోలీసు బండి వేరు, మీ బండి వేరు అని ఆ సెక్షనులో రాయలేదు. ఆఖరున చెప్పిన "తగిన ఏర్పాటు" అన్న మాటలోనే మా పని అంతా ఉన్నది.

ఆ సంఘటన తరువాత మా పై ఆఫీసరు గారు నన్ను పిలిచి, "ఏమయ్యా, ఇంజను తిరుగుతూ ఉండాలి, బండి మాత్రం కదలకూడదు. నీ దగ్గర ఏమైనా ఉపాయం ఉందా?" అన్నారు. "ఉంది సార్, కాని అది వైరింగులో లేదు, గొళ్ళెంలో ఉంది" అన్నాను. డీజిలు జీపుకు కరెంటుతో పని లేదు కాబట్టి కరెంటు తీసి దాన్ని ఆపలేం. అందుకని గేరు రాడ్డు న్యూట్రలులో ఉండగా దానికి ఒక ఇనుప గొళ్ళెం, చిన్న తాళం పెట్టించాం. హ్యాండుబ్రేకు లాగి, చక్రం కింద ఒక చెక్క పెట్టమన్నాం. అయిన ఖర్చు స్వల్పం. ఇంజను నడుస్తుంది, గేరు పడదు.

జిప్సీలు వచ్చాక కథ మారింది. అది పెట్రోలు బండి, పైగా చెవి తీస్తే స్టీరింగు బిగుసుకుంటుంది. చెవి తీస్తే ఇంజను ఆగుతుంది, ఉంచితే దొంగకు అప్పగించినట్టే. కొందరు డ్రైవర్లు బజారు మెకానిక్కు దగ్గరికి పోయి, బ్యాటరీ నుండి కాయిలుకు ఒక వైరు లాగించి, సీటు కింద దొంగ స్విచ్చి పెట్టించుకునేవారు. మా భాషలో దీన్ని "డైరెక్టు చేయడం" అంటాం. బండ్లు దొంగిలించేవాడు చేసే పని కూడా అదే. ఇంటికి తాళం వేసి చెవిని చూరులో పెట్టినట్టు ఉంటుంది ఈ దొంగ స్విచ్చి వ్యవహారం. మొదటి వారం అది డ్రైవరుకే తెలుసు. నెల తిరిగేసరికి స్టేషను ముందు టీ కొట్టు కుర్రవాడికి కూడా తెలుస్తుంది. అలాంటివి నా కంట పడ్డ చోటల్లా పీకించాను.

దానికి బదులు చేయవలసిన పద్ధతి ఒకటి ఉన్నది. అమెరికాలో పోలీసు కార్లకు ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. ఫోర్డు కంపెనీ వారు పోలీసుల కోసం తయారుచేసే బండ్లకు కోరినవారికి ఫ్యాక్టరీలోనే అమర్చి ఇస్తారు. కంప్యూటరు, వైర్‌లెస్, దీపాలు అన్నీ అక్కడ బండిలోనే ఉంటాయి. కొన్ని బండ్లలో పోలీసు కుక్క కూడా ఉంటుంది, దానికి ఏ.సి. ఆగకూడదు. ఆఫీసరు బండి నిలిపి, మీట నొక్కి, చెవి తీసుకుని దిగిపోతాడు. ఇంజను నడుస్తూనే ఉంటుంది. వేరొకరు ఎక్కి బండిని కదిలించబోతే ఇంజను ఆగిపోతుంది. అక్కడి బండ్లకు ఆటోమేటిక్ గేర్లు. బ్రేకు తొక్కనిదే గేరు కదలదు. కనుక బ్రేకు పెడలు దగ్గర కాపలా పెడితే చాలు.

మన బండ్లకు క్లచ్చి ఉంటుంది కాబట్టి నేను కాపలాను క్లచ్చి దగ్గర, హ్యాండుబ్రేకు దగ్గర పెట్టాను. అది పనిచేసే తీరు సులభంగా చెబుతాను. రిలే అంటే కరెంటుతో మూసుకునే తలుపు. దానికి కొద్దిపాటి కరెంటు ఇస్తే తలుపు మూసుకుని, దాని గుండా పెద్ద కరెంటు పోతుంది. ఇంజను నడుస్తూ, చెవి ఆన్‌లో ఉండి, హ్యాండుబ్రేకు లాగి ఉన్నప్పుడు మాత్రమే మీట నొక్కితే రిలే పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకున్నాక తనకు కావలసిన కరెంటును తన గుండా పోయే కరెంటు నుండే తీసుకుంటుంది. ఇక మీట వదిలేసినా, చెవి తీసేసినా కాయిలుకు కరెంటు ఆగదు. ఆ రిలేకు వెళ్ళే సన్నటి వైరును క్లచ్చి స్విచ్చి గుండా, హ్యాండుబ్రేకు స్విచ్చి గుండా తిప్పాను. ఈ రెంటిలో దేన్ని కదిపినా ఆ వైరు తెగినట్టే, రిలే వదిలేస్తుంది, ఇంజను ఆగుతుంది. మళ్ళీ స్టార్టు చేయాలంటే చెవి కావలసిందే. డ్రైవరు తిరిగి వచ్చినప్పుడు ముందు చెవి పెట్టి ఆన్ చేసి, తరువాత క్లచ్చి తొక్కాలి. మరిచిపోతే ఇంజను ఆగుతుంది, అంతకు మించి నష్టం లేదు.

దీనికి నేను పెట్టిన పరీక్ష కూడా చెబుతాను. మా షెడ్డులో అందరికన్నా చురుకైన డ్రైవరును పిలిచి, "నువ్వే దొంగవి, ఈ బండిని గేటు దాటించు, టీ నేను ఇప్పిస్తా" అన్నాను. చెవి నా జేబులో ఉంది. అతను క్లచ్చి తొక్కాడు, ఇంజను ఆగింది. మళ్ళీ స్టార్టు చేయించుకుని, క్లచ్చి తొక్కకుండా హ్యాండుబ్రేకు దించాడు, ఇంజను ఆగింది. మూడోసారి దిగి బానెట్టు ఎత్తి, నేను వేసిన సన్నటి వైరు ఒకటి వెతికి కత్తిరించాడు. ఇంజను ఆగింది. అందరూ నవ్వారు. టీ మాత్రం ఇప్పించాను.

ఆ మూడోదే అసలు సంగతి. బ్రేకు దీపం స్విచ్చి నుండి కాపలా వైరు తీసుకోవడం పనిగా చూస్తే తేలిక. కాని ఆ స్విచ్చి తొక్కినప్పుడు కరెంటు ఇస్తుంది. దాని ఫ్యూజు పోయినా, వైరు ఊడినా కాపలా పోతుంది, పోయినట్టు ఎవరికీ తెలియదు. నేను వేసిన పద్ధతిలో ఎప్పుడూ కరెంటు పోతూ ఉండాలి. ఎక్కడ ఏది ఊడినా, తెగినా, తుప్పు పట్టినా ఫలితం ఒక్కటే, ఇంజను ఆగడం. రైల్వేలో పనిచేసిన మిత్రులు ఇక్కడ ఉన్నారు. వారికి ఇది బాగా తెలుసు. పాత సిగ్నలు తీగ తెగితే దాని చెయ్యి బరువుకు దానంతటదే అడ్డంగా నిలిచేది. తీగ తెగిందని రైలుకు దారి ఇచ్చేది కాదు. ఇంజనును నడిపించడానికి ఒక వైరు చాలు, ఎవరైనా వేయగలరు. లోపం వచ్చినప్పుడు అది ఆగేట్టు చేయడంలోనే పనివాడి బాధ్యత ఉన్నది. నా సర్వీసులో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటే.

ఇప్పుడు రోజులు మారాయి. ఎల్.ఇ.డి. దీపాలు వచ్చి కరెంటు వాడకం బాగా తగ్గింది. అదనపు బ్యాటరీ పెట్టుకునే వీలున్నది. ఇంజనును కంప్యూటరు నడుపుతున్నది. తాళంచెవిలోనే చిప్పు ఉన్నది. బజారు మెకానిక్కు కత్తెర పెట్టి కోసే వైరింగు కాదిది. ఏ ఏర్పాటైనా కంపెనీ వారి ద్వారానే చేయించాలి. అయినా ప్రమాదం తొలగిపోలేదు. 2024 డిసెంబరులో హయత్‌నగర్‌లో నిలిపి ఉన్న 108 అంబులెన్సును ఒక దొంగ ఎత్తుకుని, సైరను మోగించుకుంటూ విజయవాడ రోడ్డున పరుగెత్తించాడు. చిట్యాల దగ్గర ఆపబోయిన ఒక ఎ.ఎస్.ఐ.ని గుద్దాడు, ఆయన తీవ్రంగా గాయపడ్డారు. చివరికి సూర్యాపేట దగ్గర టేకుమట్లలో రోడ్డుకు లారీలు అడ్డం పెట్టి పట్టుకున్నారు. మామూలు కారు దొంగకు ఎవరూ దారి ఇవ్వరు. సైరను వింటే మాత్రం అందరం పక్కకు తప్పుకుంటాం. అందుకే ఇటువంటి బండ్లకు మామూలు బండ్ల కన్నా రెట్టింపు కాపలా ఉండాలంటాను.

ఇక మన విషయానికి వస్తాను.

మన తోటల్లో పూత సమయాన మందు కొడతాం. ట్రాక్టరు ఇంజనుతో స్ప్రేయరు నడుస్తుంది. డ్రైవరు గన్ను పట్టుకుని చెట్ల మధ్యకు వెళతాడు. ట్రాక్టరు మీద మనిషి ఉండడు. పిల్లలు చుట్టూ మూగుతారు. సీటు ఎక్కాలని ఏ పిల్లవాడికి ఉండదు? ఇది అచ్చంగా ఆ తిరునాళ్ళ జీపు లాంటిదే. గేరు న్యూట్రలులో పెట్టడం, బ్రేకు బిగించి లాక్ చేయడం, చక్రానికి చెక్క పెట్టడం, పెద్దవారు ఒకరు దగ్గర ఉండడం, ఈ నాలుగూ తప్పనిసరి. తిరిగే షాఫ్టు మీద మూత లేకపోతే పంచె అంచు చాలు మనిషిని లాగేయడానికి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

రెండవది మీటతో స్టార్టయ్యే కొత్త కార్లు. మనలో కొందరికి పిల్లలు కొనిపెట్టారు. ఈ కార్లలో తాళంచెవి జేబులోనే ఉంటుంది. ఇంజను నడుస్తుండగా ఆ చెవితో మీరు దిగి ఇంట్లోకి పోయినా ఇంజను ఆగదు. కొద్దిసేపు కూత కూస్తుంది, అంతే. నడిరోడ్డున సిగ్నలు అందక ఇంజను ఆగిపోకూడదని అలా చేశారు. అందులో న్యాయం ఉన్నది. కాని కొత్త ఇంజన్లు చప్పుడు చేయవు, మన చెవులు పాతబడ్డాయి. ఈ రెండూ కలిస్తే ప్రమాదం. అమెరికాలో ఇంటికి ఆనుకునే కారు గది ఉంటుంది. ఇంజను ఆగిందనుకుని లోపలికి పోయి పడుకుంటే, పొగలోని కార్బన్ మోనాక్సైడు ఇల్లంతా కమ్ముకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఈ విధంగా 2006 నుండి అప్పటివరకు రెండు డజన్ల మందికి పైగా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. వారిలో వయసు మళ్ళినవారు చాలామంది. కొన్ని కంపెనీలు ఇటీవలి మోడళ్ళలో కొంతసేపటికి ఇంజను దానంతటదే ఆగే ఏర్పాటు పెట్టాయి. మీ పిల్లల కారులో అది ఉన్నదో లేదో మీరే అడిగి తెలుసుకోండి. ఆరు నెలలు అమెరికా వెళ్ళివచ్చే తల్లిదండ్రులు మన సంఘంలో తక్కువేమీ లేరు. ఆ ఇంట్లో కార్బన్ మోనాక్సైడు అలారం ఉన్నదా అని కూడా అడగండి. ఇక్కడ కూడా ఏ.సి. కోసం మూసిన షెడ్డులో కారు నడిపి అందులో నిద్రపోవడం చేయవద్దు.

మూడవది, మనుమలకు చెప్పవలసింది. కారులో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని ఇంజను నడుస్తుండగా కొట్టులోకి వెళ్ళే అలవాటు మన బజారులోనే రోజూ చూస్తున్నాను. ఎవరైనా ఎత్తుకుపోతే పోయేది కారు ఒక్కటే కాదు. దిగేటప్పుడు ఇంజను ఆపమనండి. ఆగిందా అని చెవితో విని, మీటరు బోర్డు మీద దీపాలు ఆరాయా అని కంటితో చూసి, ఆ తరువాతే తలుపు వేయమనండి. చెవి జేబులో ఉన్నది కదా అన్న ధైర్యం చాలదు. ఆ డ్రైవరు జేబులో కూడా చెవి ఉన్నది.

 మీ ఇంటి కారు గాని, ట్రాక్టరు గాని ఎలా ఆగుతుందో సరిగా తెలియనివారు ఎవరైనా ఉంటే మొహమాటపడవద్దు. భోజనాల తరువాత నేను ఇక్కడే ఉంటాను. బండి దగ్గరికి వచ్చి చూపిస్తాను.

సెలవు.